నట్టు మీద గీత

మా నాన్న చేతులకు పైకి ఏమీ కనపడదు. పది వేళ్ళూ ఉన్నాయి, అన్నం తానే కలుపుకుంటారు, పేపరు తానే తిప్పుకుంటారు. అయినా ఆ ఎండాకాలంలో అవి పోయాయి. ఉగాదికి మొదలై మృగశిర కార్తెకి ఆ తంతు పూర్తయింది. అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు కాబట్టే చెబుతున్నాను. లేకపోతే ఇంటి గుట్టు వీధిలో పెట్టే రకం కాదు నేను.

నాన్న పేరు నరసింహమూర్తి. భీమవరం పక్క పల్లె నుంచి ఇరవై రెండో ఏట ఇక్కడికి, పటాన్‌చెరు వైపుకి వచ్చి, పెద్ద ప్లాంటులో ఫిట్టరుగా ముప్పై ఆరేళ్ళు చేశారు. లారీకి పట్టని యంత్రాలను వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చిన మనిషి. వెంట్రుకవాసి అని మాటవరసకు అనడం లేదు. నా చిన్నప్పుడు నా వెంట్రుక ఒకటీ అమ్మ వెంట్రుక ఒకటీ తెంపి ఆయన వేళ్ళ మధ్య పెడితే, కళ్ళు మూసుకుని ఏది ఎవరిదో చెప్పేవారు. "నీది ఏడు, మీ అమ్మది ఐదు" అనేవారు. మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క అది. "నా జుట్టు పలచబడిందని నలుగురిలో చెప్పడానికి ఆయనకిదో సాకు" అని అమ్మ మూతి తిప్పేది.

రిటైరయ్యాక ఆయనకు మిగిలిన యంత్రం ఒక్కటే, పాత మోటార్ సైకిలు. ఇప్పుడది నా బండి. అమీన్‌పూర్‌లో మా ఇంటి నుంచి బొంతపల్లి దగ్గర మందుల ఫ్యాక్టరీకి, అక్కడి ల్యాబులో నా ఉద్యోగానికి, రోజూ దాని మీదే వెళ్ళొస్తాను. కంపెనీ బస్సు పర్మినెంటు వాళ్ళకే, నేను కాంట్రాక్టు. ఆడపిల్ల గేర్ల బండి నడుపుతోందని మొదట్లో వీధంతా బయటికొచ్చి చూసింది. తర్వాత వీధికి చూడటానికి కొత్త అపార్టుమెంట్లు దొరికాయి, నన్ను వదిలేసింది.

ఆ బండి ఇంజనులో రెండు వాల్వులుంటాయి. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి వదులుతుంది, రెండోది కాలిన పొగను బయటికి పంపుతుంది. వాల్వుకీ దాన్ని నొక్కే ముక్కకీ మధ్య కాగితం కంటే సన్నని సందు ఉండాలి. ఆ సందు సరిచేయడాన్ని టాపెట్ సెట్టింగు అంటారు. సందు ఎక్కువైతే టిక్కు టిక్కుమని చప్పుడు. బొత్తిగా లేకపోతే చప్పుడుండదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, మెల్లగా కాలిపోతుంది. "టాపెట్ కాస్త మాట్లాడుతూ ఉండాలి. నోరు మూసుకుందంటే లోపల ఏదో కాలుతోందన్న మాటే" అనేవారు నాన్న.

ఇంట్లో ఫిట్టరుండగా బండిని వీధి స్పానరు ముట్టుకోకూడదన్నది ఆయన నియమం. ఇంకో నియమం, పని అయ్యాక గీత పెట్టడం. ప్లాంటులో నట్టు బిగించిన ఫిట్టరు, నట్టు మీద నుంచి మర మీదికి రంగుతో ఒక గీత గీసేవాడట. ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నా గీత విరుగుతుంది. గీత కలిసి ఉన్నంతకాలం ఆ నట్టుకు పూచీ గీసినవాడిదే. ఇంట్లో ఆ రంగు దొరక్క, నాన్న నా గోళ్ళరంగు వాడేవారు. ముదురు ఎరుపు సీసా ఒకటి ఎప్పుడూ ఆయన పనిముట్ల పెట్టెలోనే ఉండేది. నా గోళ్ళ కంటే టాపెట్ నట్లే ఎక్కువ సింగారించుకున్నాయి.

ఉగాది ఆ ఏడు నాకు సెలవు రోజున పడింది. బండి రాత్రంతా చల్లారి ఉంది, టాపెట్లు చల్లటి ఇంజను మీదే చూడాలి. నాన్న వరండాలో పీట వేసుకుని, కుంకుమ బొట్టుతో, పంచె ఎగ్గట్టి కూర్చున్నారు. టార్చి పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ నా పని. మూతలు విప్పారు, ఇంజను తిప్పి గుర్తు దగ్గర నిలిపారు, ఫిల్లర్ గేజి తీశారు. అది చాకులా విప్పితే పల్చని రేకులు వరసగా వచ్చే పనిముట్టు. ఒక్కో రేకుది ఒక్కో మందం. సరైన రేకును సందులో పెట్టి లాగితే, మీగడ మీద చెంచా లాగినట్టు చిన్న పట్టు తగలాలి. ఆ పట్టు కంటికి కనపడదు. వేలికి తెలియాలి.

ఆ రోజు నాన్న రేకు పెట్టి లాగారు, మర తిప్పారు, మళ్ళీ లాగారు, మళ్ళీ తిప్పారు. ఎప్పుడూ రెండు తిప్పుల్లో అయ్యే పనికి ఏడెనిమిది తిప్పారు. "ఇప్పుడు తగిలింది" అని నట్టు బిగించి, గీత పెట్టి, కిక్కు కొట్టమన్నారు. కొట్టాను. ఇంజను లేచింది. ముప్పై ఆరేళ్ళ రొదకి నాన్న చెవులు ఎప్పుడో మందగించాయి, అందుకని ఎప్పుడూ నన్నే అడుగుతారు.

"మాట్లాడుతోందా?"

మాట్లాడటం లేదు. టిక్కు లేదు, ఏమీ లేదు. అమ్మ పచ్చడి గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. పండగ పూట, స్నానం చేసి కూర్చున్న మనిషికి మళ్ళీ విప్పమని ఏం చెబుతానని, "మాట్లాడుతోంది నాన్నా" అన్నాను. అదీ నా మొదటి అబద్ధం. వేపపువ్వు నమిలినా ఆ రోజు నాకు చేదు తెలియలేదు.

మూడో రోజున ముత్తంగి దాటాక బండి ఆగిపోయింది. వేడెక్కి, సైలెన్సరులో రెండుసార్లు టప్పుమని, ఊపిరి తీసుకోనన్నట్టు నిలబడిపోయింది. లారీల దుమ్ములో అరగంట నిలబడితే చల్లారి మళ్ళీ కదిలింది. ల్యాబులో ఆ రోజు ఆలస్యం రాశారు. మర్నాడూ ఆగింది. నేను బండి కంటే మనిషి గురించి భయపడ్డాను.

ఆదివారం భోంచేసి నాన్న పడుకున్నాక, మూత విప్పి చూశాను. పొగ వాల్వు దగ్గర ఎనిమిదో నంబరు రేకు దూరాలి. దూరలేదు. ఐదు పెట్టాను, దూరలేదు. అన్నింటికంటే పల్చనిది, ఊదితే వంగేది, అదీ దూరలేదు. పట్టు తగిలేదాకా బిగిస్తూ పోయారు నాన్న. ఆయన వేలికి తగిలేసరికి సందే మిగల్లేదు.

అమ్మ వెనక నిలబడి ఉందని చూడలేదు. "తెలిసిందా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"మొన్న పాలగిన్నె ఒట్టి చేత్తో దింపారే. బొబ్బలు నేను చూపిస్తే గానీ ఆయనకి తెలీలేదు. డాక్టరు షుగరుకి నరాలు మొద్దుబారాయన్నాడు. కాళ్ళకి అంటే ఒప్పుకున్నారు. చేతులకి అంటే, నీ మొహం, నా చేతులు నాకు తెలీవా అన్నారు."

"చెప్పేద్దాం అమ్మా."

"ఏం చెబుతావు? ఆయన దగ్గర ఇంకేముందని?"

మా అమ్మ అన్నపూర్ణ నోట్లో నువ్వుగింజ నానదు. అద్దెకున్నవాళ్ళ ఇంట్లో ఏం కూరో నాలుగో వీధికి తెలిసేది ఆమె వల్లే. అలాంటిది ఆ రెండు నెలలూ ఈ ఒక్క మాట పొక్కనివ్వలేదు. నేను టాపెట్లు సరిచేస్తుంటే పడకగది గుమ్మంలో చేటలో బియ్యం పోసుకుని కాపలా కూర్చునేది. ఎన్నేళ్ళు టార్చి పట్టానో, పని నా చేతుల్లోకి అలా వచ్చేసి ఉంది. ఐదు లోపలికి, ఎనిమిది బయటికి. బిగించాను. విరిగిన గీతను తుడిచి, అదే సీసాతో, అదే చోట, కొత్త గీత పెట్టాను. ఊది ఆరబెట్టాను.

సోమవారం పొద్దున కిక్కు కొట్టగానే టిక్కు టిక్కుమంది. నాన్న గేటు దాకా వచ్చి నా మొహం చూశారు.

"మాట్లాడుతోంది" అన్నాను. ఈసారి నిజమే.

"మరి ఎవరు పెట్టారనుకున్నావు" అన్నారు. ఆ నవ్వు చూసి నేను మంచిపనే చేశాననుకున్నాను. అంత మూర్ఖంగా ఇంకెప్పుడూ అనుకోలేదు.

అప్పట్నుంచి రెండు వారాలకోసారి అదే వరస. ఆయన ఉదయం సెట్ చేసేవారు, నేను మధ్యాహ్నం సెట్ చేసేదాన్ని. మళ్ళీ విప్పినప్పుడు ఆయన ముందుగా చూసేది గీతనే. కలిసి ఉందా, ఉంది. ఆయన ప్రాణం కుదుటపడేది. ఆ గీత విరిగిందా లేదా అని చూశారే గానీ ఎవరిదని చూడలేదు. సొంత ఇంట్లో ఎవరు చూస్తారు?

మే నెల మొదట్లో బాలప్ప వచ్చాడు. ప్లాంటులో నాన్న కింద కాంట్రాక్టు హెల్పరుగా పదేళ్ళు చేసిన మనిషి, సదాశివపేట వైపు వాడు. ఇప్పుడు పాశమైలారంలో ఒక చిన్న షెడ్డులో సూపర్‌వైజరు. గేటు దగ్గరే చెప్పులు విప్పి, నాన్న కాళ్ళకు దండం పెట్టాడు.

"మంచిగున్నరా సార్?"

"బాగున్నాను బాలప్పా. కూర్చో. ఎన్నాళ్ళకి?"

"కూసునేటంత టైము లేదు సార్, మీతోని పని వడి వచ్చిన" అని అంచున కూర్చున్నాడు. వినపడాలని గొంతు పెంచి చెప్పాడు. "మా సోమేశ్వర్ సేటు షెడ్డుల నీళ్ళ పంపులు చేస్తం. సేటుకు సంగారెడ్డిల గింజల దుకాణం, యంత్రం సంగతి తెల్వది. బిగించేటోళ్ళంత బీహారోళ్ళు. పని జల్దీ చేస్తరు, తప్పువట్టేది లేదు. గని బేరింగుల సందు సూసెటానికి చేతికి అందాజ గావాలె. గది ఒక్కనికీ రాదు. మా నరసింహమూర్తి సార్ చెయ్యి వెట్టిండంటే మళ్ల విప్పుడు ఉండదని సేటుకు చెప్పిన. నా పూచీ అని చెప్పిన."

నాన్న కండువాతో చేతులు తుడుచుకున్నారు, తడి లేకపోయినా. "అరవై దాటి నాలుగేళ్ళైంది బాలప్పా" అన్నారు. తర్వాత ఆయన మొహంలోకి వెలుగు రావడం చూశాను. "చేతులెలా ఉన్నాయో నన్నడక్కు. మా శ్రావ్యని అడుగు. రోజూ నా పని మీదే ఎక్కి పోతోంది."

బాలప్ప నా వైపు తిరిగాడు. "బండెట్లుంది బిడ్డా?"

అమ్మ టీ పళ్ళెంతో వస్తూ ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది. నాన్న నా వైపు చూడను కూడా లేదు. అంత నమ్మకం.

"మంచిగుంది" అన్నాను.

బాలప్ప టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చెప్పొచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆయన బీరువా అడుగు నుంచి ఖాకీ చొక్కాలు తీయించారు. బిగువైన గుండీలు అమ్మ చేత జరిపించారు. పాత సేఫ్టీ బూట్లకు నూనె రాసి వరండాలో ఎండబెట్టారు. బూట్లు ఎండుతుంటే ఎవరు చెప్పగలరు?

తొమ్మిది రోజులు పనికి వెళ్ళారు. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో వేరే మనిషి. సాయంత్రం షేరింగ్ ఆటో దిగి, ఒళ్ళంతా గ్రీజు వాసనతో, "ఆకలేస్తోంది అన్నపూర్ణా" అంటూ వచ్చేవారు. బీహారు కుర్రాళ్ళకు ఏం చెప్పారో, వాళ్ళు "బాబా" అని ఎలా పిలుస్తారో, అన్నం తింటూ చెప్పేవారు. పెరుగన్నం రెండోసారి పెట్టించుకునేవారు. షుగరని అమ్మ ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. నేనైతే, ఏమో, పంపులకీ టాపెట్లకీ తేడా ఉంటుందేమో, పెద్ద పని కాబట్టి తెలుస్తుందేమో అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ల్యాబులో రోజూ కొలతలు రాసేదాన్ని, ఇంట్లో గుడ్డిగా నమ్మాను.

పదో రోజు బుధవారం. ఆ నెల మా ఫ్యాక్టరీ వారపు సెలవు బుధవారానికి మార్చారు, అందుకే ఇంట్లో ఉన్నాను. పదకొండు గంటలకు ఆటో ఆగింది. నాన్న దిగి, ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళి, బూట్లతోనే మంచం మీద కూర్చున్నారు. వెనక బాలప్ప దిగాడు. ఈసారి గేటు దాటి లోపలికి రాలేదు. నేనే వెళ్ళాను.

"పదకొండు పంపులు బిగించిండు సార్" అన్నాడు. "నిన్న టెస్టింగుల పెట్టినం. నాలుగు నడుసుకుంటనే పట్టేసినయి. బేరింగులు నల్లగ కాలినయి. మిగిలినవి విప్పి సూస్తే ఒక్కదాంట్ల సందు లేదు. సేటు ఏమనలే, మంచోడే. పొద్దుగాల అందరి ముంగట గేజి ఇచ్చి, ఒక్కసారి సూపియ్యండి సార్ అన్నడు. సార్ ఐదు రేకు వెట్టి, ఇది పట్టు లేదు, ఇంక బిగియ్యాలె అన్నడు. గా రేకు అప్పటికే ఇరికి ఉన్నది బిడ్డా. రెండు చేతులతోని గుంజినా వస్తలేదు. పక్కనున్న పిల్లగాళ్ళకు గూడ కనపడవట్టింది. సార్‌కు తెలుస్తలేదు."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

"నన్ను ప్యాకింగులకు దింపిండ్రు. నా పూచీ అంటిని గద. గది నా నసీబు, పోనీ" అన్నాడు. కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు అడిగాడు. "మంచిగుందంటివి గద బిడ్డా. మా సార్‌ను గట్ల నలుగుట్ల నిలవెట్టకపోదును గద నేను."

అతను చెప్పుల వైపు చూసుకుని, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయాడు.

లోపలికి వచ్చేసరికి నాన్న మంచం మీద లేరు. వరండాలో పీట వేసుకుని, బండి ముందు కూర్చుని ఉన్నారు. బండి ముందు రోజు సాయంత్రం నుంచి కదల్లేదు, ఇంజను చల్లగానే ఉంది. పొగ వాల్వు మూత విప్పారు. "టార్చి" అన్నారు. తెచ్చి పట్టుకున్నాను.

నట్టు మీదికి వంగి చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి, చొక్కాతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు.

"నా గీత వంకర పోతోంది ఈ మధ్య" అన్నారు. "ఇది తిన్నగా ఉంది."

"నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఉగాది నుంచి."

తలూపారు. కేకలు వేస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఫిల్లర్ గేజి నాకిచ్చి, "చూడు, ఎంతుందో" అన్నారు. ఎనిమిది పెట్టి లాగాను. మీగడ మీద చెంచా లాగినట్టు వచ్చింది. "ఎనిమిది సరిగ్గా ఉంది నాన్నా" అన్నాను. దాన్ని ఆయన తీసుకుని, తానే పెట్టి, తానే లాగారు. ఆ రేకును కళ్ళతో చూస్తూ లాగారు, అదివరకెప్పుడూ అలా చూడలేదు.

"చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నారు. "పోతే నా బండి ఒక్కటే పోయేది. పదకొండు పంపులు. బాలప్ప."

అంతకంటే ఏమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. అమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, "నీళ్ళు పెట్టు, స్నానం చేస్తాను" అన్నారు. అమ్మ పరిగెత్తి వెళ్ళి, నీళ్ళు తానే కలిపి, వేడి తానే చూసి, బకెట్టు తానే పెట్టింది. అప్పట్నుంచి రోజూ అంతే.

నేను బాలప్ప దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని సోమేశ్వర్ సేటుతో చెబుతానన్నాను. "చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏమొస్తది బిడ్డా, ఊకో" అన్నాడు బాలప్ప. ప్యాకింగు గదిలో అట్టపెట్టెలకు టేపు వేస్తూనే మాట్లాడాడు. నేను తిరిగి వచ్చేదాకా తలెత్తలేదు.

పనిముట్ల పెట్టె నాన్న నా గదిలో పెట్టించారు. తర్వాతి బుధవారం ఆయన మెలకువగా ఉండగానే వరండాలో బండి విప్పాను. కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంటారేమో అని నెమ్మదిగా చేశాను. రాలేదు. లోపల టీవీ చప్పుడు పెంచారు. నట్టు బిగించాక అలవాటు చొప్పున గోళ్ళరంగు సీసా తీశాను. గీత పెట్టాను. ఎవరు చూస్తారని పెట్టానో తెలియదు.

మృగశిర కార్తె రోజు పొద్దున వాన పడింది. మొదటి వాన. వీధిలో అందరూ చేపల కోసం పటాన్‌చెరు వెళ్ళారు. మా ఇంట్లో చేపల ఊసు లేదు, అమ్మ తలంటు పోసుకుని వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. నాన్న కుర్చీలో కూర్చుని వాన చూస్తున్నారు. వారాల తరబడి అవసరానికి తప్ప మాట్లాడని మనిషి, ఉన్నట్టుండి నన్ను పిలిచారు.

"శ్రావ్యా, మీ అమ్మ వెంట్రుక ఒకటి తీసుకురా. నీది ఒకటి."

అమ్మ నా మొహం చూసింది. దువ్వెన నుంచి తెల్లటి వెంట్రుక ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నాది నేను తెంపుకున్నాను. నాన్న కుడిచేయి చాపి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి, కళ్ళు మూసుకున్నారు. గోళ్ళ సందుల్లో గ్రీజు పూర్తిగా పోయింది. అంత తెల్లగా ఆ గోళ్ళను నేనెప్పుడూ చూడలేదు.

ముందు నాది పెట్టాను. లావుది, నల్లది. ఆయన వేళ్ళు కదిపారు. మెల్లగా రాపాడించారు, ఒకసారి, రెండుసార్లు. నుదురు ముడిపడింది. వాన నీరు మా గేటు కింద నుంచి వీధిలోకి పోతోంది. అమ్మ జుట్టు విదల్చడం ఆపేసింది.

"ఊఁ, పెట్టమ్మా" అన్నారు నాన్న.

వెంట్రుక ఆయన వేళ్ళ మధ్యే ఉంది. తీసేసి, ఇదిగో ఇప్పుడు పెడుతున్నా అనొచ్చు. నా నోటి దాకా వచ్చింది కూడా.

"పెట్టాను నాన్నా" అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. వేళ్ళు విప్పనూ లేదు.